జాలరిపేటలో ఒక పతకపు వేట

విశాఖపట్టణమునకు బోయినవారు సింహాచలమున స్వామిని సేవించుటయు, కైలాసగిరి యెక్కుటయు, సముద్రపు టొడ్డున పిల్లల నాడించుటయు వాడుక. మేము మొన్న మాఘమాసమున అచ్చటికి బోయినది ఈ మూడింటిలో దేనికొఱకును గాదు. ఒక రేకు పెట్టెకొఱకు బోయితిమి. ఆ పెట్టె కథ ముందుగా చెప్పనిదే మా ప్రయాణము సోదరీమణులకు బోధపడదు. చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది. అయినను చెప్పెదము, ఏలయన మేము చేసినటువంటి పని ప్రతి యింటను ఏదో యొకనాడు జరుగుచునే యున్నది.

మా మామగారు నౌకాదళమున నావికులుగా పనిచేసిరి. 1971వ సంవత్సరపు యుద్ధకాలమున వారు విశాఖపట్టణముననే యుండిరి. కొలువు విడిచిన పిమ్మట అనకాపల్లిలో స్థిరపడి, చిన్న వర్తకము చేసికొనుచు, యుద్ధమును గూర్చి ఎన్నడును నోరెత్తక, మూడేండ్ల క్రిందట కాలము చేసిరి. వారి వస్తువులు కొన్ని అటుకమీద ఒక రేకు పెట్టెలో నుండెడివి: రెండు పతకములు, టోపీకి చుట్టు నల్లపట్టీ, లంగరు గుర్తుగల కొన్ని బొత్తాములు, నావికు లూదు వంకర యీల యొకటి. సంవత్సరీకము దగ్గఱపడగా మేము ఇంటికి సున్నము వేయింపదలచి అటుక దులిపితిమి. ఆ సమయమునకే పాతసామానుల బండివాడు వీధిలో కేక వేసెను. చిల్లుపడిన గంగాళము, సొట్టబోయిన బిందెలు, వానితోపాటు ఆ పెట్టెయు బయట పెట్టితిమి. మూత తెఱచి చూడకపోలేదు. నల్లబడిన బిళ్లలు, చివికిన గుడ్డపేలికలు కనబడెను, అంతే. అన్నియు కలిపి తూకము వేసి వాడు 340 రూపాయ లిచ్చెను. ధర బాగుగనే వచ్చినదని సంతోషించితిమి కూడను.

సంవత్సరీకమునాడు ఉదయమున అత్తగారు పటమునకు దండ వేయుచు, "అటుకమీది పెట్టె దింపుము, తల్లీ. మీ మామగారి బిళ్లలు రెండును పటము దగ్గఱ పెట్టుదము" అనిరి. మేము నిలువున నీరైపోతిమి. జరిగినది చెప్పగా ఆమె ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. "పోనిమ్ము. తెలియక చేసితివి" అని లోపలికి బోయిరి. తిట్టినను బాగుండెడిది. హైదరాబాదు నుండి వచ్చిన మా ఆడపడుచు మాత్రము నాలుగు నెలలు మాతో మాటలాడలేదు. పిమ్మట ఒకనాడు తానే టెలిఫోనులో, "వదినా, కోపము వలన నాన్నగారి పతకము తిరిగి రాదు. వెదకుదము" అనెను. ఆనాటి నుండి మేమిద్దఱము వెదకుచున్నాము.

వెదకుట ఆరంభించిన తరువాత గాని ఈ లోకమొకటి యున్నదని మాకు తెలియలేదు. పాత సైనిక వస్తువులను కూర్చుకొనువారు దేశదేశముల నున్నారు. హైదరాబాదులో గురువారము పేరుతోనే వెలసిన జుమేరాత్ బజారునను, ఆదివారము సాగు ఎర్రగడ్డ సంతలోను, చెప్పులు, గడియారములు, కుట్టుయంత్రపు చక్రముల నడుమ, పతకములును బొత్తాములును గోనెపట్టాలపై పరచి యుండునట. పారిసు నగరపు సాంతువాన్ సంతయు, లండను నగరపు పోర్టొబెల్లో వీధియు ఇట్టి పాతవస్తువులకు పేరొందినవి. అమెరికాలో నైతే గృహస్థులే తమకు అక్కఱలేని సామానును సెలవునాడు వాకిట పరచి, వచ్చినవారికి అమ్ముదురు. అచ్చట కాపురమున్న మన తెలుగు ఆడపడుచులును ఇందుకు అలవాటు పడిరి. ముసలివారు పోయిన యింటి వాకిట ఆ యింటి యుద్ధపు గుర్తులన్నియు ఒక బల్లమీద గుట్టగా పడియుండుట సామాన్యమట. మన బండివాని తక్కెడకును ఆ బల్లకును భేదమేమి?

మా బండివానిని పట్టుకొనుటకు ఆఱు నెలలు పట్టినది. వాడు సరకును అనకాపల్లిలో ఒక వర్తకునికి, ఆ వర్తకుడు విశాఖపట్టణమున మఱియొకనికి అమ్మినట్లు తేలెను. తుదకు జాలరిపేటలో పాత వలలు, మోకులు, పడవసామాను అమ్మువాని యొద్ద "నేవీ బిళ్లలు" కొన్ని యున్నవని వినవచ్చెను. మా ఆడపడుచు రైలుదిగి వచ్చెను. ఇద్దఱము కలిసి బయలుదేరితిమి.

అంగడి మధ్యాహ్నము గాని తెఱవరని తెలియుటచే, ఉదయమంతయు సముద్రపుబాటను నడచుచు గడపితిమి. ఆ బాట వెంట నడచిన స్త్రీకి విశాఖపట్టణము స్నానపుతీరము మాత్రమే కాదనియు, రెండు యుద్ధములను కన్నులార చూచిన యూరనియు తెలియును.

మొదట విశాఖ మ్యూజియమునకు బోయితిమి. డచ్చివారి కాలపు పాత బంగళాలో 1991వ సంవత్సరమున దీనిని తెఱచిరి. విజయనగరపు, బొబ్బిలి ప్రాంతపు జమీందారుల కాలమును తలపించు కత్తులు, పటములు అటుండగా, మమ్ము నిలిపినది జపానువారి బాంబు. 1942వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన 'ర్యూజో' అను జపాను విమానవాహక నౌక నుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు కురిపించెను. రేవు తెఱచి అప్పటికి తొమ్మిదేండ్లైనను గాలేదు. 1933లో తెఱచిన ఆ రేవే శత్రువునకు గుఱియైనది. పట్టణపు జనులు చేత చిక్కినది మూటగట్టుకొని పల్లెలకు బరుగెత్తిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తును కొంతకాలము గుంటూరునకు తరలించిరి. ఆ కథ మన అమ్మమ్మలు చెప్పగా విన్నవారు ఇంకను కొందఱుందురు. పొయ్యిమీద అన్నము పొయ్యిమీదనే విడిచి పోతిమని చెప్పుకొనెడివారు.

అచ్చట నుండి జలాంతర్గామి 'కుర్సురా' కడకు బోయితిమి. 91 మీటర్ల పొడవుగల ఈ నౌక 1969వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన మన నౌకాదళమున చేరి, 1971 యుద్ధమున అరేబియా సముద్రమున కావలి తిరిగి, 2001వ సంవత్సరమున కొలువు చాలించినది. దానిని ఒడ్డునకు లాగి ఇసుకపై నిలిపి, 2002వ సంవత్సరమున ప్రజలకు చూపుటకు తెఱచిరి. లోపల త్రోవ సన్నము. ఒకదానిపై నొకటిగా నున్న ఆ పడకలు మన యింటి అలమారు అరలంత వెడల్పు లేవు. కొలువు విరమించిన నావికులే అందు దారి చూపుచున్నారు. వారిలో ఒక పెద్దమనిషి, మేము మామగారి సంగతి చెప్పగా, టోపీ సవరించుకొని, "అమ్మా, ఆ కాలపు మనుష్యులు ఇంటికి వచ్చి ఏమియు చెప్పరు. చెప్పునవి ఆ బిళ్లలే" అనెను. మా ఆడపడుచు ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెను. మేము మాటలాడలేదు. ఎదుటనే టీయూ-142 అను పెద్ద విమానమును నిలిపిన మ్యూజియము గలదు. 29 ఏండ్లు సముద్రముపై కావలి తిరిగి 2017లో విశ్రాంతి పొందిన దది. దానిని చూచుటకు మాకు మనసు నిలువలేదు.

జాలరిపేట పార్కు దాటగనే వచ్చును. ఒకప్రక్క వెడల్పైన బాట, కొత్త మేడలు, కార్లు. మఱియొకప్రక్క చిన్న చిన్న యిండ్లు, ఇండ్ల నడుమ ఆరబెట్టిన వలలు, అరుగులపై వల బాగుచేయు మగవారు, తట్టలలో ఎండుచేపలు తిరుగవేయు ఆడువారు. జాలరులును వాడబలిజలును తరతరములుగా ఇచ్చట కాపురమున్నారు. మునుపు దుంగలు కట్టిన తెప్పలపై బోయెడివారు. ఇప్పుడు నారపీచు వంటి గాజుపోగుతో చేసిన మరపడవలు ఒడ్డున బారులు తీరియున్నవి. చేపలు పట్టుట మగవాని పనియైనను, వానిని డబ్బు చేయుట ఆడుదాని పని. పడవ ఒడ్డెక్కగనే పాటకు నిలుచునది ఆమెయే. తట్ట నెత్తిన బెట్టుకొని వీధులు తిరుగునది ఆమెయే. ఇంటి చిట్టా యావత్తు ఆమె కొంగుముడిలో నుండును. లెక్కలో వీరిని మోసగించుట బ్రహ్మతరము గాదు.

ఆ యొడ్డుననే ఇసుకలో ఒక సిమెంటు కట్టడము గలదు. దానిని పిల్ బాక్సు అందురు. మందుబిళ్లల డబ్బావలె మొద్దుగా నుండుటచే ఇంగ్లీషువా రా పేరు పెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున, జపానువారు సముద్రముమీదుగా దిగుదురను భయముచే ఈ తీరమున నిట్టివి కట్టిరి. మూరెడు మందపు గోడలు, తుపాకి గొట్టము దూర్చుటకు సన్నని సందులు. ఏండ్ల తరబడి ఇసుకలో పూడియున్న దానిని ఈ నడుమ బయలుపఱచిరి. సందులోనుండి చూచితిమి. సముద్రము కొలతబెట్టి కోసినట్లు ఒక చిన్నముక్క కనబడెను. ఆనాడు లోపల నిలిచి ఆ ముక్కనే పగలును రేయియు చూచుచుండిన సిపాయి పేరు ఇప్పుడెవ్వరికిని తెలియదు. మేము నిలిచియుండగనే ఇద్దఱు బాలురు దానిపై నెక్కి గాలిపటము ఎగురవేయ మొదలిడిరి.

మధ్యాహ్నమున అంగడి తెఱచెను. అంగడి యనుట మర్యాదకు. అది తాటాకు పందిరి క్రింద నొక గుట్ట. చుట్టలు చుట్టలుగా మోకులు, బెండ్లు, తుప్పుపట్టిన లంగరులు, విరిగిన యింజను భాగములు, ఓడదీపముల ఇత్తడి గూళ్లు, పగిలిన దిక్సూచి యొకటి. యజమాని నడివయసువాడు, మాట మంచిది. మేము అడుగగనే ఒక బిస్కత్తుల డబ్బా తెచ్చి గోనెపై బోర్లించెను. పదునేడు పతకములు, రెండు గుప్పెళ్ల బొత్తాములు.

ఇచ్చట సోదరీమణులకు మేము నేర్చుకొన్నది కొంత చెప్పవలెను. సైనికపతకమును చూచునప్పుడు ముఖమును గాక అంచును చూడవలెను. మనదేశపు సిపాయిల కిచ్చిన పతకముల అంచున వాని సంఖ్య, హోదా, పేరు, దళము సన్నని యక్షరములతో చెక్కియుండును. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు సిపాయిలకు ఇచ్చిన వానిపై సామాన్యముగ పేరు లేదు గాని, భారతీయుల వానిపై గలదు. 1971 యుద్ధమునకు మన ప్రభుత్వ మిచ్చిన సంగ్రామ పతకమున నట్లే అంచున పేరుండును. 1972వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన కొలువులో నున్న వారందఱకును స్వాతంత్ర్య రజతోత్సవ పతక మిచ్చిరి. సంతలలో ఎక్కువగా కనబడునది అదియే. బొత్తాములను బట్టియు కాలము చెప్పవచ్చును. లంగరుపైన కిరీటమున్నచో 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీకి పూర్వపుది, సింహములున్నచో అటుతరువాతిది.

దొంగసరకు కూడ కలదు. పోతపోసిన నకలుపై సన్నని గుంటలుండును, బొమ్మల అంచులు మొద్దుబారి యుండును, అంచున పేరుండదు. పేరును అరగదీసి చెఱిపినదైతే అంచు ఒకచోట పలుచనై వ్రేలికి తగులును. పాతదనము తెప్పించుటకు పులుసులో ముంచి నల్లజేయుదురు. దీనికి విరుద్ధమైన తప్పు మన యాడువారు చేయుదురు: నిజముగా పాతదానిని చింతపండుతోను బూడిదతోను తోమి తళతళలాడజేయుదురు. పూజాసామగ్రికి అది తగును. పతకమున కది చేటు. తోమినకొలది బొమ్మయు పేరును అరగిపోవును. మెత్తని పాతగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును.

మా ఆడపడుచు ఒక్కొక్కటియే వెలుతురునకు త్రిప్పి అంచు చదువ నారంభించెను. పదునేడింటిలో తొమ్మిది నకళ్లు. అయిదు రజతోత్సవ పతకములు, ఎవరెవరివో. రెండిటిపై పేరు చెఱిపియున్నది. నాన్నగారివి లేవు. డబ్బా అడుగున వంకర యీల యొకటి దొరకినది గాని, అటువంటివి నౌకాదళమున ఎన్నియో యుండును; దానిపై పేరుండదు గదా. ఆమె దానిని పెదవులకు తాకించుకొని మఱల డబ్బాలో వేసెను.

పదునేడవది వేఱువిధముగా నుండెను. రెండుతలల సర్పమువంటి జంతువును త్రొక్కి నిలిచిన సింహపు బొమ్మ. ప్రక్కన 1939, 1945 అను సంవత్సరములు. రెండవ ప్రపంచయుద్ధపు వార్ మెడల్ అది. అంచున మద్రాసు రెజిమెంటు పేరును, సిపాయి యను హోదాయు, తెలుగు పేరును స్పష్టముగ నున్నవి. ఆ పేరు ఇచ్చట వ్రాయము. వస్త్రపు పట్టీ చివికి మూడుదారములే మిగిలినవి.

"నాలుగువేలండి. సింహం బొమ్మకి గిరాకీ బాగుంది" అనెను అంగడివాడు. తాను తూకమునకు కొన్నట్లు తానే యొప్పుకొనెను. మేము వెయ్యికి అడిగితిమి. మా ఆడపడుచు చేయిపట్టి లాగెను. "నాన్నగారిది కానిది మనకెందుకు, వదినా? కూర్చుకొనుటకు వచ్చితిమా?" అనెను. అదియు నిజమే. కొనక లేచితిమి.

ఎండ మెండుగా నుండెను. దాహమై, దగ్గఱనున్న యొక యింటి అరుగుపై కూర్చుండి నీరడిగితిమి. లోపలనుండి డెబ్బదియైదేండ్ల ముసలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, "ఏ ఊరు తల్లీ? ఏటి కొన్నారేటి?" అని యడిగెను. కొనలేదనియు, వచ్చిన పని యిదియనియు చెప్పితిమి. ఆమె మా ముఖములు కొంతసేపు చూచి, లోపలికి బోయి, దేవుని గూటిలోనుండి అరచేతియంత ఇత్తడి మూత యొకటి తెచ్చి మా ముందు పెట్టెను. పచ్చగా పసుపు పూసియున్నది. క్రింద ఇంగ్లీషు అక్షరములు రెండు మూడు. మిగిలినవి ఉప్పునకు తినివేయబడినవి.

"నాను కొత్తగా కాపరానికొచ్చిన ఏడాది ఇది. అద్దరేతిరి పెద్ద సప్పుడైనాది. గూట్లో దీపం కిందడిపోయింది. భూకంపం అనుకున్నాం. మరి నాల్రోజులకి మా మావ వల్లో ఇది పడ్డాది" అనెను.

ఆ యర్ధరాత్రి మాకు తెలిసినదే. అది మా మామగారి రాత్రియు గదా. 1971వ సంవత్సరము డిసెంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి, పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' ఈ తీరమునకు సమీపముననే మునిగిపోయెను. మన విమానవాహక నౌక 'విక్రాంత్'ను వెదకి ముంచుటకై అది నవంబరు నెలలో కరాచీ నుండి బయలుదేరినది. విక్రాంత్ అప్పటికి అండమాను దీవుల చెంతకు చేరియుండెను. మునిగిన కారణమును గూర్చి రెండు దేశములకును నేటికి ఏకాభిప్రాయము లేదు. 'రాజపుత్' నౌక వేసిన గుండ్ల వలన నని మనవారును, లోపలి ప్రేలుడు వలన నని వారును చెప్పుదురు. లోపలనున్న తొంబదిమందికి పైగా నావికులలో ఒక్కడును బ్రదుకలేదు. నీటిపై తేలిన నూనెతెట్టును, సామానును మొదట చూచి నౌకాదళమునకు తెలిపినవారు ఈ తీరపు జాలరులే. ఆ విజయమును గుర్తుచేయుచు సముద్రపుబాటలో 1996వ సంవత్సరమున స్మారకస్తంభము నిలిపిరి. 2024వ సంవత్సరమున మన నౌకాదళమువారు నూతన యంత్రసాధనముచే ఆ మునిగిన నౌకను సముద్రగర్భమున కనుగొనియు, చనిపోయిన వారి యెడ గౌరవముచే దానిని తాకక విడిచిరి. శత్రువుల సమాధియైనను సమాధియే.

ఈ యిత్తడి మూత ఆ నౌకదో, మఱి యే సరకుల యోడదో చెప్పుటకు మాకు ఆధారము లేదు. ముసలమ్మకును అక్కఱలేదు. "దీన్ని ఎవులైనా కొంతామన్నారా, మామ్మా?" అని మా ఆడపడుచు ఆమె భాషలోనే యడిగెను.

"శానామంది అడిగినారు. సముద్రంలో పోయినోల్ల సామాను అమ్ముకుంతే అచ్చిరాదు తల్లీ. మా మావ గంగమ్మతల్లి గూట్లో ఎట్టమన్నాడు, ఎట్టినాను. నెలకోపాలి పసుపు రాత్తాను. ఆడెవుడో, ఆడి తల్లెవులో. అడగొచ్చీదాక ఇక్కడుంతాది" అని, మా వంక చూచి, "మీరు సూసిన ఆ బిల్ల మీద పేరున్నాదన్నారు గదా? మీది మీకు దొరక్కపోతే పోయింది. ఆడి ఇంటోల్లు కూడా మీలాగే ఎతుకుతా ఉంతారు. పేరుండీ వదిలేసొచ్చినారేటి?" అనెను.

మేమిద్దఱము ఒకరి ముఖమొకరు చూచుకొంటిమి. పేరులేని మూతను ఏబదియేండ్లుగా ఆ ముసలమ్మ దాచుచున్నది. పేరున్నదానిని మేము రెండు గడియల క్రిందట గోనెపై విడిచి వచ్చితిమి. నీళ్లచెంబు క్రింద బెట్టి, మా ఆడపడుచే ముందుగా లేచెను.

అంగడివానితో ఈమాఱు బేరము నిజముగా సాగినది. మేము వెయ్యి యనిన, అతడు మూడువేలనెను. తుదకు, దానిని ఇంటివారికి చేర్చుటకే కొనుచున్నామని చెప్పితిమి. అతడు నమ్మెనో లేదో గాని, పదునైదువందలకు దిగివచ్చి, "చేరిస్తే నాకో మాట చెప్పండి" అనెను. పైగా ఆ వంకర యీలను కాగితమున చుట్టి ఊరకనే యిచ్చెను. 340 రూపాయలకు తూచి యిచ్చినదానికి బదులు, ఎవరిదో యొక పతకమునకు పదునైదువందలు పోసి ఇంటికి బయలుదేరితిమి. లెక్కకు నష్టమే.

రైలులో మా ఆడపడుచు చాలసేపు కిటికీలోనుండి చూచుచుండి, "వదినా, నాన్నగారి వానిని కూడ ఎవరైన నిట్లు కొనియుందురా?" అనెను. "కొనియుండవచ్చును" అంటిమి. అంతకన్న చెప్పగలిగినది లేకపోయెను.

ఇంటికి వచ్చి అత్తగారి చేతిలో పతకమును బెట్టి సంగతియంతయు చెప్పితిమి. ఆమెకు కన్ను సరిగా ఆనదు, అంచును వ్రేలితో తడవి తడవి, "ఇక్కడ పేరా?" అని యడిగిరి. చదివి వినిపించితిమి. తన పాత నేతచీర చెఱగు చించి దానిని చుట్టి, మామగారి పటము క్రింద బెట్టి, "వారివారు వచ్చువఱకు ఇచ్చట నుండనిండు" అనిరి. ముసలమ్మ మాటయే! ఆ జాలరిపేట ముసలమ్మను మా అత్తగారు చూచి యెఱుగరు. ఈలను మాత్రము ఆమె చాలసేపు చేతిలోనే యుంచుకొనిరి. అది మామగారిదియే యని మేము చెప్పలేదు, కాదనియు చెప్పలేదు, ఆమెయు అడుగలేదు.

మఱునాడు మేము రెండు ఉత్తరములు వ్రాసితిమి. ఒకటి నీలగిరులలో వెల్లింగ్టనుననున్న మద్రాసు రెజిమెంటు కేంద్రమునకు. రెండవది మా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు. సంఖ్యయు పేరును గలవు గనుక, పాత పుస్తకములలో వాని యూరు దొరకవచ్చునని ఆశ. రెండవ ప్రపంచయుద్ధమున ఇరువదియైదు లక్షలమంది భారతీయులు సైన్యమున పనిచేసిరి. వారిలో నొకని యిల్లు వెదకుట సులభమని మేమనుకొనుట లేదు. ఇది వ్రాయునాటికి జవాబు రాలేదు.

ఈ వేటకు దిగదలచిన సోదరీమణులకు రెండు మూడు హెచ్చరికలు. పేలని గుండు, తూటా, బాంబు వంటిది ఇంటనైనను, సంతనైనను, సముద్రపు టొడ్డుననైనను కనబడినచో ముట్టవద్దు, పిల్లలను ముట్టనీయవద్దు. దూరముగ తొలగి పోలీసులకు తెలుపుడు. ఎన్ని యేండ్లు పూడియున్నను అవి చచ్చినవని నమ్మరాదు. ఆయుధములు లైసెన్సు లేక ఉంచుకొనుట నేరము. నూఱేండ్లు దాటిన వస్తువులు 1972వ సంవత్సరపు పురావస్తు చట్టము క్రిందికి వచ్చును; వానిని విదేశములకు పంపరాదు. ఇంటనున్న పతకములను ఉప్పుగాలి తగులని పొడిచోట, మెత్తని నూలుగుడ్డలో నుంచవలెను. ప్లాస్టికు సంచులలో బిగించినచో కొన్నిటికి చెమటపట్టి పాడగును. రంగుపట్టీకి ఎండ తగులనీయరాదు.

అన్నిటికన్న ముఖ్యమైనది ఇది. మీ యింట ముసలివా రున్నచో, వారి పెట్టెను వారు బ్రదికియుండగనే వారిచేతనే తెఱపించుడు. ఏది ఎవరిదో, ఎచ్చటిదో అడిగి, ఒక కాగితముపై వ్రాసి అందులోనే పెట్టుడు. మేము ఆ పని చేసియున్నచో మా మామగారు తామెన్నడును చెప్పని ఆ రాత్రి మాట కూడ కొంత చెప్పియుందురేమో. బండివాడు వీధిలో కేకవేసినపుడు గంగాళము నీయుడు, బిందె నీయుడు. మూతపడిన పెట్టె నొకటి ఆ తక్కెడలో పెట్టుటకు ముందు లోపలికి బోయి అత్తగారి నొక్కమాట అడుగుడు.

మా వెదకులాట ముగియలేదు. వచ్చు నెలలో మా ఆడపడుచు ఎర్రగడ్డ సంతకు మఱల బోవును. మేము జాలరిపేటకు బోవలెను. ముసలమ్మకు ఉత్తరముల సంగతి చెప్పవలసి యున్నది.